చెవి వెనకాల బిళ్ళ

నా ఎడమ కన్ను ఎలా పోయిందో మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. "తిరువళ్ళూరు ఆస్పత్రిలో ఏందో కొత్త మిషను టీచరమ్మ మీద పెట్టి చూసినారంట, అది కన్ను తీసేసినాది" అంటారు. రేషన్ అంగడి దగ్గర చెప్పుకుంటారు, బస్టాండులో చెప్పుకుంటారు, నేను పక్కనే నిలబడి ఉన్నా చెప్పుకుంటారు. కన్ను పోయినదానికి చెవులు కూడా వినపడవనుకుంటారు కాబోలు. ఆ మిషన్ నా కన్ను తీయలేదు. నేను చూసినంతలో అబద్ధం ఆడనిది అదొక్కటే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కలేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

తిరుత్తణికి పడమటి పక్క ఒక పల్లె బడిలో నేను తెలుగు చెప్తాను. అక్కడి పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా బస్సు మీద ఊరి పేరు తమిళంలో చదువుతారు, తెలుగు అక్షరం చూపిస్తే దారి తప్పినట్టు నా మొహం చూస్తారు. అరిచి, బుజ్జగించి, మళ్ళీ అరిచి నేర్పిస్తాను. నా గొంతు పక్క క్లాసు తమిళ టీచరుకు కూడా పాఠం చెప్పేస్తుందని హెడ్మాస్టరు ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. మా ఆయనకు తిరుత్తణి బజారులో మోటార్లు రిపేరు చేసే అంగడి ఉంది. బావుల దగ్గర కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేస్తాడు. నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావా అనే పిలిచాను, ఇప్పుడూ అంతే. కాబట్టి మా అత్త నాకు రెండు విధాలా అత్తే, రెండు విధాలా గదమాయించే హక్కు ఉందని ఆమె లెక్క.

నాకు సైనస్ ఉందని చాలా ఏళ్ళుగా అందరికీ తెలుసు. మా ఇంట్లో సైనస్ అంటే జబ్బు కాదు, పని తప్పించుకోవడానికి నేను చెప్పే సాకు. ముక్కు దిబ్బడేసి, నుదురు బరువెక్కి, వంగి ఊడవలేక నిలబడితే మా అత్త వావిలాకు మరిగించి ఆవిరి పట్టించి, "చాల్లే, ఇంగ లెయ్యి" అనేది. ఆవిరికి ముక్కు కాసేపు తెరుచుకునేది, మళ్ళీ మూసుకునేది. ఒకరోజు బోర్డు మీద నేను రాసిన అక్షరం నాకే రెండుగా కనిపించింది. అద్దాల అంగడికి వెళ్తే అద్దాలు మార్చాడు. కొత్త అద్దాలతో ఆ రెండక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపించాయి, అంతే. తర్వాత ఎడమ కంట్లో రంగులు వెలిసిపోయాయి. ఎర్ర చీర ఆ కంటికి ఇటుక రంగులో కనిపించేది. అప్పుడు గాని మా ఆయన నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆ డాక్టరు ఒక స్కాన్ తీయించి, జబ్బు కంట్లో లేదు, ముక్కులో ఉంది, వెంటనే తిరువళ్ళూరు వెళ్ళండని పంపించాడు.

తిరువళ్ళూరులో ముక్కు డాక్టరమ్మ చిన్న వయసుది. నేను మొట్టమొదట చదువు చెప్పిన పిల్లల ఈడు ఉంటుంది. ఆమె తమిళంలో మాట్లాడింది, నేనూ తమిళంలో జవాబిచ్చాను, మా ఆయన మధ్యలో తెలుగులో గొణిగాడు. స్కాన్ బొమ్మను తెర మీద పెట్టి చూపించింది. ముక్కు వెనకాల, కళ్ళ మధ్య, ఎముకలో చిన్న చిన్న గదులుంటాయట. వాటిలో గాలి ఉండాలి. నా గదుల్లో బూజు జిగురులా ముద్ద కట్టింది. ఆ ముద్ద పెరిగి, పలచటి ఎముకను తోసుకుంటూ వెళ్ళి, ఎడమ కంటి నరం మీద కూర్చుంది.

"తీసేస్తే చూపు నిలుస్తుందా?" అని అడిగాను.

"ఇప్పుడు తీస్తే నిలుస్తుంది టీచర్. పోయిన చూపు కూడా చాలావరకు తిరిగొస్తుంది. ఆలస్యం చేస్తే మాత్రం నేను మాట ఇవ్వలేను," అంది.

ముక్కు రంధ్రంలోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, తెర మీద చూస్తూ చేస్తారు. అయితే నరం దగ్గర ఆ ముద్దా ఎముకా కలిసిపోయి ఉన్నాయి, ఎక్కడ ముద్ద అయిపోయి ఎక్కడ నరం మొదలవుతుందో కెమెరాకు కనిపించదు. దానికోసం ఒక మిషన్ ఉందని చెప్పింది. కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు వాడి చూడమని ఆస్పత్రికి ఇచ్చారట. నేను టీచర్నని తెలిసి ఉత్సాహం వచ్చిందేమో, లేచి వెళ్ళి లావుపాటి కళ్ళద్దాలు తెచ్చి నా మొహానికి పెట్టింది. బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె ఒకటి ఉంది. అద్దాల్లోంచి చూస్తే ఆ పుర్రె ఎముక లోపలినుంచి ఒక పచ్చటి గీత బయటికి కనిపించింది. నేను తల ఇటు తిప్పినా అటు తిప్పినా ఆ గీత పుర్రెలో దాని చోటు వదల్లేదు. పట్టుకుందామని చెయ్యి పెట్టాను. వేళ్ళకు ఏమీ తగల్లేదు.

"అదే కంటి నరం. ఎముక వెనకాల దాక్కున్నా ఈ అద్దాలు పైకి గీసి చూపిస్తాయి. ఆపరేషన్ చేసేటప్పుడు మీ స్కాన్‌లో ఉన్న నరాన్ని సరిగ్గా మీ ముక్కులో అది ఉన్న చోటే గీస్తుంది. నేను ఆ గీతను తాకకుండా చుట్టూ శుభ్రం చేస్తాను," అంది.

నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణం ఆపరేషన్ భయం పోయింది. ఇది మా పిల్లలకు చూపిస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను. "స్కాన్ బొమ్మ నా మొహం మీద సరిగ్గా ఎలా కూర్చుంటుంది?" అని అడిగాను. డాక్టరమ్మ సంతోషించింది. అదే అసలు ప్రశ్న అంది. స్కాన్‌కు ముందు నుదుట, కణతల మీద, చెవుల వెనకాల చిన్న బిళ్ళలు అంటిస్తారు. అవి స్కాన్‌లో పడతాయి. మర్నాడు ఆపరేషన్ గదిలో మిషన్ కెమెరా మళ్ళీ అవే బిళ్ళల్ని చూసి రెంటినీ జత చేస్తుంది. మేము బడిలో పటం మీద పల్చటి కాగితం పరిచి, మూలల్లో గుండుసూదులు గుచ్చి దిద్దిస్తామే, అలాగ. సూది కదిలిందంటే కావేరి గీత వెళ్ళి సముద్రం మీద పడుతుంది. ఆ మాట నేనంటే డాక్టరమ్మ నవ్వి, "మీకు నేను ఇంకేం చెప్పక్కర్లేదు టీచర్," అంది.

ఆపరేషన్‌కు ముందు రోజు ఉదయం ఆస్పత్రి కింద అంతస్తులోనే స్కాన్ తీశారు. మధ్యలో చిల్లుతో, బొత్తాం అంత ఉన్న మెత్తటి బిళ్ళలు అంటించారు. చెవుల వెనకాల వెంట్రుకలు అడ్డమొస్తే స్కాన్ గదిలో పనిచేసే అతను రూపాయి బిళ్ళంత మేర రెండు పక్కలా గీసేశాడు. ప్రతి బిళ్ళ చుట్టూ ఊదారంగు మార్కరుతో సున్నా గీశాడు. "రేపటిదాకా ఇవి కదలకూడదు. తల తడపొద్దు. ఒకవేళ ఊడితే మీరు అంటించొద్దు, వచ్చి మాకు చెప్పండి," అని నాకొకసారి, మా ఆయనకొకసారి చెప్పాడు. ఆ రోజు వార్డులో మంచం ఖాళీ లేదు, పొద్దున్నే వచ్చి చేరమన్నారు. మేము రైలెక్కి తిరుత్తణి వచ్చేశాం. ఆ ఒక్క మంచం ఖాళీగా ఉండుంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో!

ఇంట్లోకి అడుగుపెట్టగానే మా అత్త నా తల తిప్పి చూసింది. చూసి గుండెలు బాదుకుంది.

"ఓయమ్మ! ఎవుడే ఈ పని చేసినాడు? సామికని మొక్కుకున్న యెంట్రుకల్లో సామి కంటే ముందు ఎవుడు కత్తి పెట్టినాడు?"

నాకేమీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నా కన్ను మసకబారినప్పుడు ఆమె మా తిరుత్తణి కొండ మీది సామికి మొక్కుకుంది, చూపు బాగైతే కోడలికి మొట్ట కొట్టిస్తానని. మొట్ట అంటే మా వైపు గుండు. తల నాది, మొక్కు ఆమెది, నాకు ఒక మాటైనా చెప్పలేదు. సరే, కన్ను నిలిస్తే వెంట్రుకలు పోతే పోనీ, మళ్ళీ మొలుస్తాయి. కానీ మొక్కుకున్న తల మీద మొక్కు తీరేదాకా ఇంకెవరూ కత్తెర కూడా పెట్టకూడదు. అది మా ఇళ్ళల్లో గట్టి కట్టుబాటు. పిల్లలకైతే పుట్టు వెంట్రుకలు జడలు కట్టినా వదిలేస్తారు గాని తుంచరు.

"స్కాన్ వాళ్ళు గీసినారత్తా. బిళ్ళ అంటించే దానికి రూపాయంత," అన్నాను.

"రూపాయంత అయితే ఏమి, తలంత అయితే ఏమి? ఎంగిలి అయిపోలా? సామికి ఎంగిలి పెడతామా?"

"వెంట్రుకలకు ఎంగిలేందత్తా, ఇదేమన్నా దోసా?"

అంతే, ఆమె కూలబడి ఏడుపు అందుకుంది. ఇంక ఆలస్యం చేయకూడదంది. డాక్టరు కత్తి ముట్టకముందే మిగిలిన వెంట్రుకలు సామికి అప్పగించి తప్పు దిద్దుకోవాలంది, లేకపోతే ఆ కన్ను సామి తీసుకుంటాడంది. అన్నం ముట్టనంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తల్లి వైపు చూశాడు.

"పొయ్యొచ్చేద్దాం మే. ముసల్ది ఏడుస్తా ఉండాది. ఎంతసేపు పని?"

"డాక్టరమ్మ తల తడపొద్దనింది బావా. బిళ్ళలు కదిలితే కొంప మునుగుతాదని నీకూ చెప్పినారు కదా."

"తడపరు. మంగలాయనకు నేను చెప్తా, బిళ్ళల్ని చుట్టుకొని గీస్తాడు. నేను పక్కనే ఉంటా కదా. గమ్మున రా."

నేను అరిచాను. అరిచేది నాకు బాగా వచ్చు. సామి ఎక్కడికీ పారిపోడు, ఆపరేషన్ అయ్యాక రెండు మొట్టలు కొట్టించుకుంటానన్నాను. ఆ కన్ను నాదని, నరం నాదని, మీ ఇద్దరికీ అందులో వాటా లేదని అన్నాను. మా అత్త ఇంకా గట్టిగా ఏడ్చింది, వీధిలో ఆడవాళ్ళు తలుపు దగ్గరికొచ్చారు. ఆపరేషన్ ముందు రోజు ఇంట్లో అమంగళం ఏందమ్మా అని అందరూ నన్నే అన్నారు. తలనొప్పి పగిలిపోతోంది. చివరికి వెళ్ళాను. అది నా తప్పేనని మీకనిపిస్తే అనుకోండి, నేను మాత్రం అనుకోను.

కొండ కింద మొట్టలు కొట్టే షెడ్డులో ఆ రోజు జనం పల్చగానే ఉన్నారు. మా ఆయన అన్నమాట ప్రకారం మంగలికి చెప్పాడు. ఆ మనిషి నిజంగానే ఓపిగ్గా, ఒక్కొక్క బిళ్ళ చుట్టూ కత్తి వంచి వంచి గీశాడు. అతన్ని ఒక్క మాట అనడానికి లేదు. తర్వాత నీళ్ళు పోయబోతే నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. తడి తువ్వాలుతో తుడిస్తే చాలన్నాడు మా ఆయన. చందనం తానే పూస్తానన్నాడు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను, చందనం చల్లగా కారుతూ ఉంది. కుడి చెవి వెనకాల ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు. కళ్ళు తెరవాకు, చందనం పడతాది."

కాసేపు ఎక్కడికో వెళ్ళాడు. టెంకాయ కోసమన్నాడు. వచ్చి మళ్ళీ చెవి వెనకాల, నుదుటి మీద ఏదో ఒత్తాడు. "బిళ్ళలన్నీ ఉండాయా?" అని అడిగాను. "అన్నీ ఉండాయి. ఒక్కటి కూడా ఊడలా," అన్నాడు. మా అత్త టెంకాయ కొట్టించింది. ఆమె మొహం విప్పారింది. నాకూ, దాచుకోవడమెందుకు, కొంచెం ధైర్యంగానే అనిపించింది. పుట్టినప్పటినుంచి ఆ కొండను చూస్తూ పెరిగినదాన్ని.

మర్నాడు ఆస్పత్రిలో నా గుండు చూసి నర్సు నోరు తెరిచింది. డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. నేనెప్పుడూ ఆమె మొహంలో కోపం చూడలేదు, ఆ రోజు చూశాను.

"టీచర్, మీరు కూడానా? పటం గురించి నాకు చెప్పింది మీరే కదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నా తలను దగ్గరగా పట్టుకుని చూసింది. చందనం ఎండి పొలుసులుగా అంటుకుని ఉంది. "బిళ్ళలు ఏవైనా ఊడాయా? కదిలాయా? ఎవరైనా మళ్ళీ అంటించారా?" అని అడిగింది. నేను మా ఆయన వైపు తిరిగి, "నేను కళ్ళు మూసుకుని ఉన్నా. నువ్వే చెప్పు బావా," అన్నాను.

"లేదు డాక్టర్. ఒక్కటీ కదల్లేదు," అన్నాడు తమిళంలో. ఆమె ఇంకోసారి అడిగింది. "అమ్మ మీద ఒట్టు," అన్నాడు. డాక్టరమ్మ ఆ ఒట్టును నమ్మింది. నేనూ నమ్మాను. నన్ను లోపలికి తోసుకెళ్ళారు.

మెలకువ వచ్చేసరికి ముక్కు నిండా దూది కుక్కి ఉంది. నోటితో ఊపిరి తీస్తున్నాను. మరుసటి రోజు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడి మాట్లాడే మనిషి కూర్చుందంటేనే నాకు విషయం అర్థమైంది.

నన్ను మత్తులో పడుకోబెట్టాక వాళ్ళు మిషన్‌ను నా మొహానికి జత చేశారు. ఆ తర్వాత సరిచూసుకోవడానికి ఆమె ఒక పుల్ల తీసుకుని నా ముక్కు కొన మీద ఆనించింది. మిషన్ మాత్రం పుల్ల బుగ్గ మీద ఉందని చూపించింది. మళ్ళీ చేశారు. ఈసారి పుల్ల గాలిలో ఉందని చూపించింది. అనుమానమొచ్చిన బిళ్ళల్ని వదిలేసి మిగిలిన వాటితో చూశారు. కొంచెం మెరుగైంది గాని, పచ్చ గీత మాత్రం ఉండాల్సిన చోట నిలబడలేదు.

"కంటి నరం దగ్గర కొంచెం మెరుగు నాకు సరిపోదు టీచర్. అబద్ధపు గీతను నమ్మి కత్తి పెడితే నేనే మీ నరాన్ని కోసేదాన్ని. అందుకే మిషన్ ఆపేశాను. మత్తులో ఉన్న మిమ్మల్ని మళ్ళీ కిందికి స్కాన్‌కు దించే వీలు లేదు. కెమెరాతో కనిపించినంతవరకు శుభ్రం చేశాను. నరం మీద ఉన్న ముద్దను ముట్టుకోలేదు," అంది.

అంటే దేనికోసం వచ్చామో అదొక్కటీ మిగిలిపోయింది. ఆమె ఒక చిన్న ట్రే తెచ్చి చూపించింది. అందులో తీసేసిన బిళ్ళలున్నాయి. వాటిలో రెండింటికి వెనక గమ్ము ఎండి అట్ట కట్టి ఉంది, ఆస్పత్రి గమ్ము కాదది. వాటి చుట్టూ నా చర్మం మీద ఉన్న సున్నా కూడా ఊదా రంగుది కాదట, మామూలు నీలం పెన్నుదట. చందనం కడిగాక కనిపించింది. "నాకు ముందే తెలిసి ఉంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి కింద పార్కింగ్‌లో బండ్లు చూస్తున్నాడు.

ఆమె వెళ్ళాక అడిగాను. ముక్కులో దూదితో నా గొంతు నాకే వింతగా వినిపించింది. "నువ్వేనా బావా?"

"నాకేం తెల్సు? నర్సులు తుడిచేటప్పుడు కదిలించి ఉంటారు. వాళ్ళ తప్పు కప్పి పెట్టుకునే దానికి మన మీద తోస్తాండారు."

"నీలం పెన్ను?"

"ఆస్పత్రిలో నీలం పెన్ను ఎవురి దగ్గర లేదు?"

అన్నిటికీ జవాబు ఉంది. రెండో ఆపరేషన్‌కు మొదటి గాయం మానాలి. నాకు షుగర్ కూడా ఉంది. వాపు తగ్గే మందు ఎక్కువ ఇస్తే అది ఆగదు, తక్కువ ఇస్తే నరం మీద ఒత్తిడి ఆగదు. డాక్టరమ్మ రోజూ నాకు ఫోన్ చేసి, ఎడమ కంటితో ఏం కనిపిస్తోందని అడిగేది. మొదట వేళ్ళు కనిపించాయి, తర్వాత చెయ్యి ఊపితే కదలిక తెలిసేది, తర్వాత కిటికీ వెలుగు. గాయం పూర్తిగా మానకముందే తెగించి రెండోసారి చేసింది. ఈసారి ముందే చేర్చుకుని, బిళ్ళలు పెట్టాక నన్ను మంచం దిగనివ్వలేదు. పచ్చ గీత దాని చోట కూర్చుంది. ముద్ద మొత్తం తీసేసింది. నరానికి ఎక్కడా గీటు పడలేదు. కానీ అప్పటికే నరం తెల్లగా పాలిపోయింది. పాలిపోయిన నరానికి మందు లేదు. కిటికీ వెలుగు కూడా పోయింది.

స్కూటీ అమ్మేశాం. ఒక కంటితో ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో తెలియదు, ఒకసారి గొర్రెల మంద మీదికి పోనిచ్చాను. ఇప్పుడు బస్సు కోసం కాచుకుంటాను. నీళ్ళ చెంబు అందుకుందామంటే వేళ్ళు దానికి ఇవతలే మూసుకుంటాయి. బోర్డుకు ఎడమ పక్క కూర్చున్న పిల్లలు ఏం అల్లరి చేసినా నాకు తెలియదు, ఆ సంగతి వాళ్ళు మొదటి రోజే కనిపెట్టేశారు. నాకు ఏడుపు రాదు, మంట వస్తుంది.

మంట ఎందుకంటే, నేను ఇంటికొచ్చేసరికే కథ తయారుగా ఉంది. కొత్త మిషను, చిన్న డాక్టరు, టీచరమ్మ మీద ప్రయోగం. మా ఆయన అంగడికి మోటారు తెచ్చిన రైతులందరికీ చెప్పాడు. మోటారు తీసుకుని కథను కూడా తీసుకుని వాళ్ళు ఊళ్ళకు పోయారు. నేను కాదు కాదు అంటే, "పాపం, ఆ డాక్టరంటే అబిమానం" అనేవాళ్ళు. మా అత్త ఒకరోజు నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"మిషన్ తప్పే అనుకోమ్మే. వేరే మాట ఎత్తాకు. మొట్ట కొట్టించినందుకే కన్ను పోయిందని ఊరనుకుంటే, సామి మీద మాట వస్తాది. మన వల్ల సామి మీద మాట రాగూడదు."

సామి మీద మాట రాకూడదని ఆ డాక్టరమ్మ మీద బురద చల్లారు. నేను సామిని ఒక్క మాట అనలేదు. ఆ రోజే వెంట్రుకలు కావాలని సామి నన్ను అడగలేదు. ఆయన పేరు చెప్పి అడిగింది వీళ్ళు.

అలా ఉండగా పూండి వైపు పల్లె నుంచి మా ఆయనకు వరసకు చెల్లెలయ్యే ఆమె వచ్చింది. ఆమె కూతురు కాలేజీ పిల్ల. ఆ పిల్లకు కూడా నాకొచ్చిన జబ్బే, అదే బూజు, కంటి దాకా వచ్చేసింది. అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ. ఆ మిషన్‌ను ఇప్పుడు ఆస్పత్రివాళ్ళే కొన్నారట. తల్లి బిక్కచచ్చిపోయి ఉంది.

"వదిన కన్ను తీసిన మిషనే అంట కదన్నా! బిడ్డను దాని కిందికి పంపేదా వద్దా? నువ్వే చెప్పాల. యాడికి పొమ్మన్నా పోతాం."

నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. ఆయన ఏం చెప్తాడోనని చెంచా ఆపి నిలబడ్డాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మిషన్ మంచిదే మా. ఆ డాక్టరమ్మ కూడా మంచిది. ఆమె దగ్గరికే పోండి. నేనూ వస్తా. కానీ ఒగటి, బిళ్ళలు అంటిస్తారు చూడు, అవి పెట్టినాక బిడ్డను ఇంటికి తేవాకండి, ఆడనే ఉండండి. మొట్ట మొక్కుకొని ఉంటే ఆపరేషన్ అయినాక కొట్టించండి."

"మొక్కుకున్నాం అన్నా. ముందే కొట్టించాలని..."

"వద్దు. చందనం తడికి గమ్ము విడిచిపోతాది. కింద పడినాక, ముందు యాడ ఉన్నిందో మనకు తెలీదు. చుట్టూ గీసిన గీత కూడా చందనంలో కలిసిపోతాది. అంగడి గమ్ము పెట్టి మళ్ళీ అంటించినా అదే చోట పడదు. అర వేలు తేడా వచ్చినా మిషన్ మొత్తం తప్పు చూపిస్తాది."

గమ్ము ఎండిన బిళ్ళల్ని, నీలం సున్నాను డాక్టరమ్మ మాకిద్దరికీ చూపించింది నిజమే. చందనం తడికి ఊడి కింద పడిందని ఆమె చెప్పలేదు, ఆమెకు తెలియదు. ముందు ఎక్కడ ఉందో తెలియలేదని ఎవరూ చెప్పలేదు. కుడి చెవి వెనకాల ఆగిన చెయ్యికి మాత్రమే అది తెలుసు. కట్టుకున్నదాని కన్ను పోతున్నప్పుడు పెదవి విప్పని మనిషికి, చెల్లెలి బిడ్డ అనేసరికి నిజమంతా ధారగా వచ్చేసింది. ఛీ అనుకున్నాను. వెళ్ళి ఆయన మొహం మీద కాఫీ కొట్టాలనిపించింది. కానీ అవతల ఆ పిల్ల ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కంటితో గోడ క్యాలెండరు చదవడానికి అవస్థ పడుతోంది. ఆ పిల్ల భయపడి వెనక్కి పోతుందని పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను.

వాళ్ళతో పాటు ఆయనా తిరువళ్ళూరు వెళ్ళాడు. పిల్ల మంచం పక్కనే కుర్చీ వేసుకుని, తల దువ్వబోయిన తల్లినీ, దిండు సర్దబోయిన ఆయానూ కసిరాడట. పచ్చ గీత చక్కగా కూర్చుంది. ముద్ద వచ్చేసింది. పిల్ల చూపు నిలిచింది.

కొండెక్కి మొట్ట కొట్టించుకుని, తల్లీ కూతుళ్ళు నేరుగా మా ఇంటికొచ్చారు. గుండు మీద చందనంతో ఆ పిల్ల ముద్దుగా ఉంది. రెండు కళ్ళూ మిలమిలలాడుతున్నాయి. నాకు నిజంగా సంతోషం వేసింది, పిల్లను దగ్గరికి తీసుకున్నాను. మా అత్త దిష్టి తీసింది. ఆ తల్లి మా ఆయన కాళ్ళకు మొక్కబోయింది.

"అన్న లేకుంటే నా బిడ్డ కన్ను దక్కేది కాదు వదినా," అంది నా చేతిలో లడ్లు పెడుతూ. "డాక్టరమ్మే మెచ్చుకునింది, మీ మామకు బాగా తెల్సే అని. ఇన్ని సంగతులు అన్న యాడ నేర్చుకున్నాడు వదినా?"

ఆయన నా వైపు చూశాడు. వద్దని కళ్ళతో అన్నాడు. నేను లడ్లు బల్ల మీద పెట్టాను.

"నా కన్ను పోగొట్టి నేర్చుకున్నాడమ్మా," అన్నాను. "చందనం పూసేటప్పుడు నా బిళ్ళలు ఊడినాయి. అంగడికి పోయి గమ్ము తెచ్చి అంటించినాడు. పెన్నుతో సున్నా గీసినాడు. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు అడిగితే, అదో, ఆడ కూర్చున్న వాళ్ళమ్మ మీద ఒట్టేసి లేదన్నాడు."

మా అత్త, "ఏమ్మే, పండగ మాదిరి బిడ్డ వచ్చి ఉంటే ఆ మాటలేంది, మిషన్ తప్పని ఊరందరికీ..." అని అందుకోబోయింది.

"లేదుమ్మా," అన్నాడాయన. "నేనే అంటించినా." నా వైపు చూడలేదు. తన అరచేతులు చూసుకుంటున్నాడు. "చెప్తే ఆపరేషన్ నిలిపేస్తారని బయపడినా."

నిలిపేసేవాళ్ళే. నిలిపి, మెట్లు దిగి, కింద అంతస్తులో మళ్ళీ బిళ్ళలు పెట్టి, మళ్ళీ స్కాన్ తీసి, మధ్యాహ్నానికి చేసేవాళ్ళు. నాకు కన్ను ఉండేది.